పసివాని ప్రశ్న, పల్లె సమాధానము

ప్రాథమిక పాఠశాలలకు 'ప్రాజెక్టు పని' నేడు కొత్త మాట కాదు. బడిలోని చదువును బడి వెలుపలి జీవితముతో ముడిపెట్టవలెనని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము చెప్పినది. పిల్లలు స్వయముగా చేసి, వెదకి, కనుగొని నేర్చుకొనవలెనని 2009 విద్యాహక్కు చట్టము నిర్దేశించినది. 2011 నాటి రాష్ట్ర ప్రణాళికా చట్రము ననుసరించి వచ్చిన పాఠ్యపుస్తకములలో పాఠము చివర ప్రాజెక్టు పనికి చోటు దక్కినది. ఆశయము ఉత్తమమైనదే. ఆచరణ మాటేమి?

కొన్ని తరగతుల ప్రాజెక్టు పుస్తకములను మేము చూచితిమి. అన్నిట ఒకే వాక్యములు, ఒకే వరుస. చెరువులను గూర్చి రెండు పుటలు నింపిన బాలుడు తన ఊరి చెరువు పేరైనను వ్రాయలేదు. కొందరికి గైడు తోడైనది, కొందరికి ఇంటిలోని అన్నలు, మరికొందరికి నెట్ సెంటరు. అట్టలు అందముగా నున్నవి, మార్కులును పడినవి. కాని బిడ్డకు అబ్బినది చూచివ్రాత మాత్రమే. ఈ తప్పు బిడ్డది కాదు. అడుగుట ఎట్లో వానికి ఎవరును నేర్పలేదు.

అడిగి తెలిసికొని వ్రాయుట మనకు పరాయి విద్య కాదు. కల్నల్ మెకంజీ కొలువులో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులును, ఇతర సహాయకులును పల్లెల వృత్తాంతములు సేకరించిరి. గ్రామపు లెక్కలను, పెద్దల నోటి మాటలను ఆధారము చేసికొని వ్రాసిన ఆ కైఫీయతులు నేటికిని చరిత్రకారులకు పెన్నిధి. కైఫీయతు అను మాటయే ఉర్దూకును తెలుగునకును ఉమ్మడి సొత్తు కాదా! 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి గారలు నెల్లూరు జిల్లా శాసనములను మూడు సంపుటములుగా వెలువరించిరి. ఊరూర రాళ్లను వెదకి చదివినవారు లేకున్న ఆ గ్రంథము పుట్టెడిది కాదు.

ఐదవ తరగతి బిడ్డ నుండి అంతటి పాండిత్యము మేము కోరుట లేదు. చేజర్ల ప్రాంతపు మెట్ట పల్లెలో 'చెరువును గూర్చి వ్రాయుము' అని చెప్పిన వాడు గైడు తెరచును. 'మన చెరువు నిండినచో ఎవరెవరి పొలములు పారును?' అని అడిగినచో గైడు మూయవలసినదే. వాడు చెరువుకట్టకు పోవలెను. సోమశిల జలాశయమున సుమారు 78 టీ.ఎం.సీ.ల నీరు నిలువగలదని పుస్తకము చెప్పును. తన తాత పొలమునకు ఏ నీరు ఏ దారిని వచ్చునో తాతయే చెప్పవలెను.

ఇద్దరు పెద్దలను అడుగుమందము. ఒకరు నూరెకరములనిన, వేరొకరు ఎనుబది యనవచ్చును. అప్పుడు ఉపాధ్యాయుడు తొందరపడి ఒక అంకెను కొట్టివేయరాదు. 'ఈయన ఇట్లనిరి, ఆయన అట్లనిరి' అని రెండును వ్రాయించవలెను. ఎవరు చెప్పినదో వ్రాయుట, భేదమును దాచకుండుట, తాను చూచినదానిని విన్నదానినుండి వేరుచేయుట: ఈ మూడును నేర్చిన బిడ్డను రేపు వదంతి మోసగింపలేదు.

ఇందులో భాష మాట కూడ కలదు. ఉదయగిరిలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కు ముస్లిం కుటుంబములు అనేకము. ఆ ఇంటి బిడ్డ కొయ్య పేరును, ఉలి పట్టు విధమును ఉర్దూలోనే వినును. అమ్మీజాన్ చెప్పిన మాటను మొదట ఆ భాషలోనే వ్రాసికొననిండు. పిమ్మట తెలుగున తన వాక్యముగా కూర్చుకొనును. సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధింపవలెనని చట్టమే చెప్పుచున్నది. 'తెలుగు రాదు' అని వెనుక బల్లకు నెట్టబడు బిడ్డ, ఆ నాడు తరగతిలో మరెవ్వరికిని తెలియని సంగతి చెప్పగల బిడ్డ యగును. ఆ గౌరవమును ఏ గైడు ఈయగలదు?

ఇట్టి పనికి కాలము పట్టునని, పాఠ్యాంశములు పూర్తికావని ఉపాధ్యాయులు అందురు. అందు నిజము లేకపోలేదు. కనుకనే ఏడాదికి పది కాపీ పుస్తకములకు బదులు రెండు నిజమైన నివేదికలు చాలునని మా అభిప్రాయము. మార్కులు అట్టకు గాక, అడిగిన ప్రశ్నకును, చెప్పిన మనిషి పేరునకును పడవలెను.

మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులలో పలువురు రేపటి ఉపాధ్యాయులు. సెలవులలో తమ ఊరి బడిపిల్లలు నలుగురిని కూర్చుకొని ఒక్క ప్రశ్న వెంట నడువుడని వారిని కోరుచున్నాము. ఆ పిల్లల నివేదికలకు గ్రంథాలయమున ఒక బీరువా అర కేటాయింపవలసినదిగా కళాశాల కమిటీవారికి మా మనవి. ఉర్దూ, తెలుగు ప్రతులు ఆ అరలో ప్రక్కప్రక్కన నిలిచిననాడు, మన ఊళ్ల కైఫీయతును మన బిడ్డలే తిరిగి వ్రాయ మొదలిడినట్లగును.