ఆయిల్ కారుతోందని వెంటనే గేర్‌బాక్స్ దించనివ్వకండి



మన ఊళ్లల్లో పాత మారుతి ఓమ్ని వ్యాన్లు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. 2019లోనే తయారీ ఆపేశారు కాబట్టి ఎంత కొత్తదైనా ఏళ్లు నిండినట్టే. కూరగాయల ట్రేలకి, ఎరువు బస్తాలకి అదే దిక్కు. కింద నాలుగు చుక్కలు కనపడగానే "క్రాంక్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి" అనే మాట వినపడుతుంది. నా మాట ఒకటే. ఎక్కడ కారుతోందో కళ్లతో చూడకుండా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వొద్దు.

నీరు పల్లమెరుగు అంటారు, ఆయిలూ అంతే. పైన టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర కారినా, ఇంజన్ వెనక నుంచి జారి గేర్‌బాక్స్ దగ్గరే చుక్క పడుతుంది. టాపెట్ ప్యాకింగ్ చిన్న పని. వెనక సీల్‌కైతే గేర్‌బాక్స్ దించాల్సిందే. తేడా కూలి డబ్బుల్లో తెలుస్తుంది.

చల్లారిన ఇంజన్ని, డిస్ట్రిబ్యూటర్‌లోకి నీళ్లు పోకుండా, శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. అనుమానం ఉన్నచోట ముఖానికి పూసుకునే పౌడర్ చల్లి పది కిలోమీటర్లు తిప్పండి. తడిసిన వాటిలో అన్నిటికంటే పైన ఉన్నదే అసలు చోటు. ఆయిల్ ఫిల్టర్, ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా చూడండి.

తర్వాత బ్రీదర్ పైపు. అది మడ్డితో మూసుకుపోతే లోపలి గాలికి దారి లేక ఆయిల్‌ని సీళ్లలోంచి తోస్తుంది. కొత్త సీల్ వేసినా మళ్లీ కారుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ వస్తుందా? అప్పుడు రింగులు అరిగాయేమో చూపించుకోవాలి, ఉత్త ప్యాకింగులతో ఆగదు.

సిలికాన్ పేస్ట్ దిట్టంగా పూయనివ్వకండి. లోపల ఊడిన ముక్కలు ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడతాయి. బోల్టులు మరీ బిగించినా కవర్ వంగి మళ్లీ కారుతుంది.

"అప్పుడప్పుడు ఆయిల్ పోసుకుంటే పోలా" అనేవాళ్లూ ఉన్నారు. ఓమ్నిలో ఇంజన్ మన సీటు కిందే. కాలిన సైలెన్సర్ పైపు మీద ఆయిల్ పడితే మంట అంటుకునే ప్రమాదం ఉంది. టైమింగ్ బెల్టు మీద పడితే బెల్టు పాడై నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది. సరుకు మార్కెట్‌కి పోయే తెల్లారుజామున అలా అయితే ఆ రోజు రేటు మనకోసం ఆగదు.

మెకానిక్ మీద అపనమ్మకంతో చెప్పడం లేదు. పక్కన నిలబడి "ఎక్కడో చూపించన్నా" అని అడగండి. పని తెలిసినవాడు దానికి కోపం తెచ్చుకోడు. మీ బండికి ఎక్కడ కారిందో కింద రాయండి, నలుగురికీ పనికొస్తుంది.