కోర్టు వరండా నుంచి వాడలోకి

మన విద్యార్థుల్లో ఈ మధ్య ఒక మంచి అలవాటు కనిపిస్తోంది. సారా అమ్మేవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు, జేబులు కొట్టేవాళ్లు, జైలుకెళ్లొచ్చినవాళ్లు... ఇట్లాంటి మనుషుల కథలు వెతికి మరీ చదువుతున్నారు. సంతోషం. కానీ చదివాక అందరూ చెప్పే మాట ఒకటే: "చాలా 'రా'గా ఉంది సార్." ఆ మాట దగ్గరే నాకు పేచీ.

'రా'గా ఉండటం దానికదే గొప్ప గుణమేమీ కాదు. మన వాడల్ని దగ్గర నుంచి చూడనివాళ్లకి అదొక కొత్త రుచి, అంతే. మురిక్కాలవ, గుడిసె, తాగుబోతు మొగుడు, నాలుగు బూతులు పేరిస్తే ఎవరైనా ఆ రుచి పుట్టించగలరు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకి అది పొద్దున లేస్తే కనపడే వీధి. ఈ వీధి ఇట్లా ఎందుకుంది, దీని మీద ఎవరెవరు బతుకుతున్నారు అన్నది కథ చెప్పాలి.

రావిశాస్త్రి గొప్పతనం అక్కడుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. మద్యనిషేధం కేసుల చుట్టూ తిరిగే లోకాన్ని 'ఆరు సారా కథలు'గా రాశాడు. అందులో 'మాయ' తప్పక చదవండి. సారా కేసులో కోర్టుకొచ్చిన ముత్యాలమ్మ, చదువుకున్న కుర్ర వకీలుకి న్యాయం ఎట్లా నడుస్తుందో చెబుతుంది. పోలీసు, ప్లీడరు, అందరి పొట్టా తన 'నేరం' మీదే నిండుతోందని ఉత్తరాంధ్ర యాసలో లెక్క తేలుస్తుంది. జాలి అడగదు. ఆ కథలో అందరికన్నా తెలివైన మనిషి ఆమే. పేదవాళ్లని దీనంగా నిలబెట్టే కథలు కుప్పలుగా ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు.

అయినా ఒక లోటుంది. రావిశాస్త్రి మనుషుల్లో వర్గం కొట్టొచ్చినట్టు కనపడుతుంది, కులం నీడలో ఉండిపోతుంది. ఆయన చూసింది కోర్టు వరండా నుంచి. అక్కడికి మనిషి ముద్దాయిగానే వస్తాడు. వాడకి తిరిగెళ్లాక అతని బతుకేంటో ఆ వరండాకి కనపడదు.

ఆ మిగతా సగం దళిత రచయితలు రాశారు. తిట్టుగా వాడిన మాటనే నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' అని తన పుస్తకానికి పేరుగా పెట్టాడు. వేముల ఎల్లయ్య నల్గొండ మాదిగల పలుకుబడిలో 'కక్క' నవల నడిపాడు. గోగు శ్యామల కథల్లో వాడంటే ఏడుపొక్కటే కాదు, పిల్లల ఆటలూ పనితనమూ నవ్వూ ఉంటాయి.

ఈ భాష అర్థం కావట్లేదని మన తెలుగు శాఖల్లోనే అంటారు. ప్రబంధంలో ఒక్క పద్యం కోసం నిఘంటువులు తిరగేస్తే అది పాండిత్యం. మా అమ్మ మాట్లాడే మాట కోసం ఎవరినన్నా అడిగి తెలుసుకునే ఓపిక మాత్రం ఉండదు. దీని నష్టం ఎవరికో తెలుసు కదా? ఆ వాడ నుంచొచ్చిన పిల్ల తన ఇంటి మాటని దాచుకుంటేనే పరీక్షలో మార్కులు పడతాయి. ఆమె ఇంటి కథ సిలబస్‌లోకి వచ్చినా, దాన్ని చెప్పే హక్కు ఆమెకి రాదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇకనుంచి అట్టడుగు మనుషుల కథ చదివినప్పుడు అందులో మురికి ఎంతుందని కొలవకండి. లెక్క ఎవరు చెబుతున్నారో, ఏ భాషలో చెబుతున్నారో చూడండి.

వచ్చే భాగంలో 'కక్క' గురించి వివరంగా మాట్లాడుకుందాం. ఈలోపు 'మాయ' చదవండి. ముత్యాలమ్మ చెప్పిన లెక్క ఇవాళ మీ ఊరి కోర్టులో, స్టేషన్లో ఎట్లా నడుస్తోందో కామెంట్లో రాయండి.

జై భీమ్.