మెయిన్ బ్రాంచ్‌ని నమ్ముకుంటే మీ యాప్ మీ చేతిలో ఉండదు

ఫ్లట్టర్‌లో యాప్స్ చేసేవాళ్లకి ఈ సీన్ బాగా తెలుసు. ఒక ప్యాకేజీలో బగ్ ఉంది. దాని ఫిక్స్ గిట్‌హబ్‌లోకి వచ్చేసింది కానీ పబ్ డాట్ డెవ్‌లో కొత్త వెర్షన్ ఇంకా పడలేదు. అప్పుడేం చేస్తాం? పబ్‌స్పెక్ ఫైల్‌లో వెర్షన్ నంబర్ తీసేసి, గిట్ లింక్ ఇచ్చి, రెఫ్ దగ్గర 'మెయిన్' అని రాసేస్తాం. యాప్ రన్ అవుతుంది. హమ్మయ్య అనుకుని ఆ లైన్ సంగతే మర్చిపోతాం.

నేనూ అదే చేశాను. మూడు వారాల తర్వాత అదే కోడ్ మా ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అవ్వలేదు. మేం ఒక్క లైన్ కూడా మార్చలేదు! అర్ధరాత్రి దాకా వెతికితే తేలిందేంటంటే, ఆ ప్యాకేజీ మెయిన్ బ్రాంచ్‌లో ఒక ఫంక్షన్ పేరు మారింది. నా లాక్ ఫైల్‌లో పాత కమిట్ ఉంది. ఆ ఫైల్‌ని నేను గిట్‌లో పెట్టలేదు కాబట్టి వాడికి కొత్త కోడ్ దిగింది. తప్పు ప్యాకేజీ వాళ్లది కాదు, నాదే.

బ్రాంచ్ అంటే వెర్షన్ కాదు. కొత్త కమిట్ పడ్డప్పుడల్లా ముందుకు జరిగే గుర్తు మాత్రమే. ఫోన్ రివ్యూ చదివేటప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ వెర్షన్ మీద టెస్ట్ చేశారని అడుగుతాం కదా. మరి మన యాప్‌లో ఏ కోడ్ ఉందో మనకే తెలియకపోతే ఎలా?

'అయితే ట్యాగ్ పెడితే సరిపోదా?' అంటారేమో. బ్రాంచ్ కన్నా నయమే కానీ ట్యాగ్‌ని కూడా జరపొచ్చు. 2025 మార్చిలో 'టీజే-యాక్షన్స్ చేంజ్డ్-ఫైల్స్' అనే గిట్‌హబ్ యాక్షన్‌కి జరిగింది అదే. 23,000కి పైగా రిపాజిటరీల్లో వాడే ఆ యాక్షన్ పాత ట్యాగ్‌లని దాడి చేసినవాళ్లు తమ కమిట్‌వైపు తిప్పేశారు. దాంతో కొన్ని ప్రాజెక్టుల పాస్‌వర్డ్‌లు, టోకెన్‌లు బిల్డ్ లాగ్‌లలో బయటపడ్డాయి. అంతకుముందే పూర్తి కమిట్ హ్యాష్‌తో పిన్ చేసుకుని, దాన్ని కదపనివాళ్లకి ఆ తిప్పుడు తగల్లేదు.

అందుకే నా మాట ఇదీ: యూజర్ల ఫోన్లలోకి వెళ్లే బిల్డ్‌లో బ్రాంచ్ పేరు ఉండకూడదు. రెఫ్ దగ్గర 40 అక్షరాల కమిట్ హ్యాష్ పెట్టండి. లాక్ ఫైల్‌ని గిట్‌లోకి ఎక్కించండి. అది ఒక్కటే ఉంటే చాలదు, ఎందుకంటే పబ్ అప్‌గ్రేడ్ కొడితే బ్రాంచ్ మళ్లీ కొత్త కమిట్‌కి జరుగుతుంది.

పిన్ చేస్తే సెక్యూరిటీ ఫిక్స్‌లు వాటంతటవి రావన్నది నిజమే. అందుకే పక్కనే ఒక కామెంట్ రాసుకోండి: ఎందుకు పిన్ చేశారు, ఏ వెర్షన్ వస్తే తీసేయాలి. అప్‌డేట్ చెయ్యొద్దని కాదు, ఎప్పుడు చెయ్యాలో మీరే డిసైడ్ చెయ్యాలని. ఒక ఫిక్స్‌ని మీ ఫోన్‌లో టెస్ట్ చేసి చూడ్డానికైతే బ్రాంచ్ హాయిగా వాడుకోండి.

ఇవాళే మీ పబ్‌స్పెక్ తెరిచి 'మెయిన్' అని వెతకండి. రెఫ్ లేని గిట్ లింక్‌లు కూడా చూడండి, అవి డిఫాల్ట్ బ్రాంచ్ నుంచే కోడ్ తెస్తాయి. ఒక్కటి దొరికినా, రిలీజ్‌కి ముందే సరిచేయండి.