అన్నం మెతుకు జన్యువును ఆపదు

కేసముద్రం మార్కెట్‌ యార్డులో రాశి పోసిన వడ్లు మన జన్యువులను శాసిస్తాయా? శాసిస్తాయనే వాదన ఒకటి ఉంది. అది గాలిలోంచి పుట్టలేదు. 2011 చివర్లో చైనాలోని నాన్‌జింగ్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘సెల్‌ రీసెర్చ్‌’ పత్రికలో ఇదే ప్రకటించారు. వరిలోని మిర్‌-168ఏ అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ (జన్యువుల పనిని తగ్గించే చిన్న పోగు) వరి తిన్న ఎలుకల కాలేయానికి చేరి, అక్కడి ఒక జన్యువును అణచి, రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ పెంచిందన్నారు. ఈ ఒక్క పత్రాన్ని పట్టుకుని బియ్యం మీద భయమూ, పసుపులాంటి ఇతర మొక్కల మీద ‘జన్యువులను సరిచేసే మందు’ అన్న ఆశా పెంచడం తప్పు.

2013లో మరో బృందం ఎలుకలకు వరి పెట్టి మళ్లీ చూసింది. కొలెస్ట్రాల్‌ పెరిగిన మాట నిజమే, కానీ కాలేయంలో వరి మైక్రోఆర్‌ఎన్‌ఏ జాడ లేదు. ఉత్త వరి మేతతో పోషకాల సమతూకం తప్పడమే కారణమని వాళ్లు తేల్చారు. ఆ బృందంలో విత్తనాల కంపెనీ మోన్‌శాంటో ఉద్యోగులున్నారు కదా అంటారా? ఆ అనుమానం న్యాయమైనదే. అయితే అదే ఏడాది ఆ కంపెనీతో సంబంధం లేకుండా పళ్లు తిన్న క్రీడాకారుల రక్తాన్ని పరీక్షించినవారికీ చెప్పుకోదగ్గ మొక్కల మైక్రోఆర్‌ఎన్‌ఏ దొరకలేదు.

అసలు చిక్కు మోతాదులో ఉంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ అంటే దాదాపు 22 అక్షరాల చిన్న పోగు. జన్యువు పంపిన సందేశానికి అతుక్కుని ప్రోటీన్‌ తయారీని తగ్గిస్తుంది. మన కాలేయం సొంతంగా చేసుకునే మిర్‌-122 ఒక్కో కణంలో వేలకు వేలు ఉంటుంది. జీర్ణాశయపు ఆమ్లాన్నీ ఎంజైములనూ దాటి వచ్చే నాలుగు పోగులు దాని ముందు ఏపాటి?

జబ్బులతో మైక్రోఆర్‌ఎన్‌ఏకు సంబంధం లేదని నేననడం లేదు. 13వ క్రోమోజోములోని మిర్‌-15, మిర్‌-16 పోవడానికీ ఒక రకం రక్త క్యాన్సర్‌కూ లంకె ఉందని 2002లోనే తేలింది. మిర్‌-96లో మార్పు వస్తే వంశపారంపర్యంగా చెవుడు వస్తుంది. ఇవన్నీ మన కణాల్లో పుట్టినవే, తిండితో వచ్చినవి కావు. హెపటైటిస్‌-సి వైరస్‌ బతకడానికి మిర్‌-122ను వాడుకుంటుంది గనుక దాన్ని అడ్డుకునే మందును రోగులకిచ్చి చూశారు, వైరస్‌ తగ్గింది. ఆ మందు అణువును రసాయనికంగా గట్టిపరచి సూదితో ఎక్కించాల్సి వచ్చింది. తింటే సరిపోయేదైతే ఆ శ్రమంతా ఎందుకు పడతారు?