పద్నాలుగు పాయింట్ల లెక్క

చక్రాల కుర్చీలో కూర్చుని ఆడే బాస్కెట్‌బాల్‌లో బుట్టను కిందికి దించరు. నిలబడి ఆడేవారికి ఎంత ఎత్తో వీరికీ అంతే, 10 అడుగులు. అయితే ఈ ఆటలో ఒక గొప్ప నియమముంది. శరీర సామర్థ్యాన్ని బట్టి ప్రతి క్రీడాకారిణికీ 1 నుండి 4.5 దాకా పాయింట్లు కేటాయిస్తారు. వైకల్యం ఎంత తీవ్రమైతే పాయింట్లు అంత తక్కువ. కోర్టులో ఉన్న ఐదుగురివీ కలిపి 14 మించకూడదు. కాబట్టి బలమైనవారినే ఐదుగురినీ దించుతామంటే కుదరదు. 4.5 పాయింట్ల వారు ఇద్దరు ఆడాలంటే, నడుము నిలపడమే కష్టమైన ఒకటి, ఒకటిన్నర పాయింట్ల అమ్మాయి పక్కన ఉండి తీరాలి. ఆమె లేనిదే జట్టు లేదు!

పారాలింపిక్స్‌లో మహిళలకు ఈ పోటీ 1968లో టెల్ అవీవ్‌లో మొదలైంది. అప్పుడు స్వర్ణం ఆతిథ్య ఇజ్రాయేలుదే. 2024లో పారిస్‌లో నెదర్లాండ్స్ మహిళలు గెలిచారు. మన దేశపు మహిళా జట్టు అప్పటికింకా ఆ మెట్టు ఎక్కలేదు. కానీ మన దేశంలో ఈ ఆటకు సమాఖ్యను నిలబెట్టి అధ్యక్షురాలిగా నడిపించింది ఒక తెలుగు మహిళే. ఖమ్మం జిల్లా సత్తుపల్లికి చెందిన ప్రతిపాటి మాధవీలతకు పసితనంలోనే పోలియో సోకింది. చదువుకుని బ్యాంకు ఉద్యోగి అయ్యారు. వెన్నెముక ఇబ్బంది పెడితే నీళ్లలో వ్యాయామం మొదలుపెట్టి, ఈతలో పోటీలకు దిగారు. ఆ తర్వాత తనలాంటి ఇతరులను మైదానానికి రప్పించే పని చెన్నైలో ఉంటూ తలకెత్తుకున్నారు.

శరీరంలో బలహీనంగా కనబడే అవయవాలు మరింత అవసరమైనవని పౌలు కొరింథీ సంఘానికి రాశాడు (1 కొరింథీ 12:22). జాలి చూపదగినవి అనలేదు, అవసరమైనవన్నాడు. మన సంఘాల్లో జరిగేది వేరు. నడవలేని సహోదరి కోసం ప్రార్థిస్తాం, క్రిస్మస్‌కు చీర పెడతాం. ఆమెకు సండేస్కూలు అప్పగించామా? కమిటీలో కూర్చోబెట్టామా? అసలు ఆమె లోపలికి ఎలా వస్తుందని ఆలోచించామా?

1977 ఉప్పెనను చూసిన ప్రాంతం మనది. గూడూరు, పెడన, బందరు చుట్టుపక్కల మందిరాలను ఎత్తైన పునాదుల మీద కట్టుకుంటే తప్పుపట్టలేం. కానీ ఆ ఎత్తుకు మెట్లే కట్టి ఊరుకుంటే చక్రాల కుర్చీ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. కపెర్నహూములో పక్షవాత రోగి లోపలికి రాలేకపోయింది జనం వల్లనే (మార్కు 2:4). వాక్యం వింటున్నవారే వాకిలికి అడ్డమయ్యారు. మోసుకొచ్చిన నలుగురు పైకప్పు విప్పాల్సి వచ్చింది.

మనం కప్పు విప్పనక్కర్లేదు. ప్రతి అడుగు ఎత్తుకూ 12 అడుగుల పొడవున వాలుదారి కడితే చాలు. మూడడుగుల అరుగైతే 36 అడుగులు. స్థలం చాలకపోతే మధ్యలో మలుపు తిప్పవచ్చు. ఈ ఏడాది గోడల రంగులకు రాసిన లెక్కలోంచి కొంత ఇటు మళ్లించడం కష్టమేమీ కాదు. ముందుగా, మన సంఘంలో ఆదివారాలు ఇంట్లోనే ఉండిపోతున్నవారి దగ్గరికి వెళ్లి, వాలుదారి ఎక్కడ కావాలో వారినే అడిగి రండి.