పిట్టా కాదు, తుమ్మెదా కాదు!

మీ పెరట్లో గంధరాజం గానీ, నూరువరహాలు గానీ ఉందా? అయితే సెప్టెంబరు, అక్టోబరు వానలు పడ్డాక, పొద్దున వంట పని తెమిలిన తర్వాత కాసేపు ఆ చెట్టు దగ్గర నిలబడి చూడండి. జుయ్యిమంటూ వచ్చి, పువ్వు మీద వాలకుండానే గాలిలో నిలబడి, సన్నటి గొట్టంతో తేనె పీల్చి, మరుక్షణంలో ఇంకో పువ్వు దగ్గరికి పోయేదొకటి కనబడొచ్చు. పిల్లలైతే "అమ్మా, హమ్మింగ్ బర్డ్!" అని అరుస్తారు. టీవీలో చూపించే ఆ పిట్ట అమెరికా ఖండాల్లోదండీ, మన దేశంలో లేదు. నిదానించి చూస్తే దీని తల మీద రెండు మీసాలు కనిపిస్తాయి. అంటే పురుగే! రాత్రిళ్లు దీపం చుట్టూ తిరిగే చిమ్మటల జాతిదే గానీ, ఇది పట్టపగలు తిరుగుతుంది.

పసుపూ ఆకుపచ్చా కలిసిన బొద్దు ఒళ్లు, నడుముకి ముదురు ఎరుపు పట్టీ, తోక చివర నల్లటి కుచ్చు. రెక్కలు మాత్రం అచ్చం అద్దాలే. పుట్టినప్పుడు వాటి మీద సన్నటి పొడి ఉంటుంది. మొదటిసారి ఎగరగానే అది రాలిపోతుంది. లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు 1771లోనే దీనికి పేరు పెట్టాడు. మనం తుమ్మెద అనుకుని వదిలేస్తున్నాం!

ఇక అసలు సంగతి. గంధరాజం ఆకులు కొరికేసి ఉంటాయి. వెతికితే తోక మీద కొమ్మున్న లావుపాటి పచ్చపురుగు దొరుకుతుంది. వెంటనే మందు డబ్బా తీస్తాం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే అనంతపురం ప్రాంతంలో, బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా పోసి పెంచుకున్న చెట్టాయె, కోపం రాదూ మరి! కానీ ఆగండి. ఆ అద్దాల రెక్కల పురుగుకి బిడ్డ ఇదే. కొమ్ము కుట్టదు, విషమూ లేదు. గంధరాజం, కాఫీ కుటుంబం ఆకులే దాని తిండి. మీ టమోటా, మిరప జోలికి రాదు. మీరు కొట్టే మందు మాత్రం పక్కనున్న కరివేపాకు మీద పడి, రేపు పోపులోకి వస్తుంది.

చెట్టు పెద్దదైతే వదిలేయండి, మళ్లీ చిగురు వేస్తుంది. మొన్న మొన్న నాటిన మొక్కయితే పురుగుని ఆకుతో సహా తుంచి, వెడల్పాటి సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి. అడుగున కాస్త మట్టి, ఎండాకులు, ఎక్కి రెక్కలు విచ్చుకోవడానికి ఓ పుల్ల ఉండాలి. రోజూ తాజా ఆకు వేసే పని పిల్లలకి అప్పగించండి. తిండి మానేసి కిందికి దిగిందంటే ఇక కదపకూడదు. చెట్టు కింద ఎండాకులు ఊడ్చి తగలబెట్టకపోవడమూ మంచిదే, అది గూడు కట్టుకునేది అక్కడేగా.

అన్నట్టు, నందివర్ధనం మీద నీలి కళ్లలాంటి మచ్చలున్న పచ్చపురుగు కనిపిస్తే అది ఇది కాదు. దాని తల్లి సందె చీకట్లోనే వస్తుంది. ఆ ముచ్చట వచ్చే వారం.