నాటు విత్తనం ఎవరి పూచీ?

సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే పట్నంలో మిద్దెతోటల వాళ్ళకు పని మొదలవుతుంది. పాత కుండీల్లో మట్టి తిరగబోయడం, చివికిన పశువుల ఎరువు కలపడం, ఎండలు ముదిరేలోగా బెండ, బీర, సొర, దోస, తోటకూర విత్తుకోవడం. మాఘమాసంలో పెట్టిన పాదు చైత్ర వైశాఖాల్లో కాపుకొస్తుంది. సేద్యమంటే మొహం చిట్లించే చదువుకున్నవాళ్ళు, అందులో మన అధ్యాపకులు కూడా, చేతులకు మట్టి అంటించుకుంటున్నారంటే నాబోటివాడికి సంతోషమే. నా ఫిర్యాదు వారి మీద కాదు, వారిలో చాలామంది నోట వినిపించే ఒక మాట మీద.

"రైతులు నాటు విత్తనాలన్నీ పోగొట్టారండీ! ఎక్కడ చూసినా హైబ్రిడ్లే!"

వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాణ్ణి గనుక ఈ మాట నాకు సూటిగా తగులుతుంది. మా నాన్న ఎకరంన్నరలో పందిరి బీర వేస్తాడు. హైబ్రిడ్డే వేస్తాడు. మా నాయనమ్మ పెరట్లో పెంచిన బీర వేరు. కాయ పొట్టి, కణుపులు ఎక్కువ, కూర వండితే ఇల్లంతా వాసన. ముదిరిన కాయను చూరుకి వేలాడదీసి, ఎండాక గింజ దులిపి, బూడిదలో కలిపి కుండలో దాచేది. ఆ విత్తనం ఎందుకు వెయ్యవని నేనొకసారి అడిగితే నాన్న చెప్పిన జవాబు ఒక్కటే: "కాయంతా ఒక్క తీరున లేకపోతే కమీషను కొట్లో రేటు పడదురా."

ఇందులో రైతు తప్పేమిటో పెద్దలు చెప్పాలి. అమ్మేవాడికి పొడవాటి కాయ కావాలి, కొనేవాడికి నిగనిగలాడే కాయ కావాలి, లారీలో నలగని కాయ కావాలి. ఇన్ని షరతులు పెట్టింది పట్నం. ఆ షరతులకు లొంగినందుకు రైతుని తప్పు పట్టేదీ పట్నమే! ఇదెక్కడి న్యాయం? మన దేశంలో 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతుకి తన పంట విత్తనాన్ని దాచుకునే హక్కు, తిరిగి విత్తుకునే హక్కు, ఇతరులతో మార్చుకునే హక్కు ఇచ్చింది. బ్రాండు పేరు తగిలించకుండా అమ్ముకోవచ్చు కూడా. హక్కు ఉంది సరే. ఆ విత్తనంతో పండిన కాయను కొనేవాడేడీ?

ఇప్పుడు మిద్దెతోటకి రండి. అక్కడ దళారి లేడు. కాయ వంకర తిరిగితే అడిగేవాడు లేడు. నాలుగు కాయలు తక్కువ కాసినంత మాత్రాన బ్యాంకు అప్పు మీద పడదు. నాటు విత్తనం బతకడానికి ఇంతకంటే అనువైన చోటు ఇంకెక్కడుంది? కాని జరుగుతున్నదేమిటి? బజారుకెళ్ళి, మందు పట్టించిన గులాబీరంగు గింజల ప్యాకెట్టు కొంటారు. వచ్చే ఏడు మళ్ళీ కొంటారు. పైగా నాటు విత్తనాల మీద ఉపన్యాసం!

హైబ్రిడ్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. బి.ఎస్సీ. చదువుతూ అంత మోటుగా మాట్లాడలేను. మెండెల్ 1866లో బఠాణీల మీద ప్రచురించిన విషయమే ఇది. రెండు వేరు వేరు రకాల్ని కలిపితే మొదటి తరం ఒక్క తీరున ఉంటుంది, రెండో తరంలో లక్షణాలు విడిపోతాయి. అందుకే హైబ్రిడ్ కాయలోంచి తీసిన గింజ తల్లిలా కాయదు. అది మోసం కాదు, అనువంశికత. అయితే ప్యాకెట్టులో ఉన్నవన్నీ హైబ్రిడ్లు కావు. పల్లాకు తెగులుని తట్టుకునేందుకు బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన 'అర్క అనామిక' బెండ, మన రాజేంద్రనగర్ నుంచి వచ్చిన 'భాగ్యమతి' వంగ మామూలు రకాలే. వీటి విత్తనం దాచుకుంటే మళ్ళీ అదే కాపు. ప్యాకెట్టు మీద 'ఎఫ్1' అని ఉందా లేదా చూసుకుంటే చాలు. ఆ రెండక్షరాలు చదవని విద్యావంతులు మన ఊళ్ళో ఎందరో!

విత్తనం కట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. టమాటా, చిక్కుడు తమ పువ్వులోనే తాము ఫలదీకరణం చెందుతాయి. వీటితో మొదలుపెట్టేవాడికి భయం లేదు. బెండ, వంగ కొంత పరాగం బయటినుంచి తెచ్చుకుంటాయి. తీగజాతులతోనే చిక్కు. ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు; పక్కింటి మిద్దె మీది హైబ్రిడ్ పుప్పొడిని కీటకం మోసుకొస్తే మీ నాటు బీర అయిపోయినట్టే. దానికీ ఉపాయముంది. విచ్చుకోబోయే ఆడమొగ్గకీ మగమొగ్గకీ ముందే కాగితం సంచి తొడిగి, విచ్చుకోగానే మగపువ్వుని చేత్తో తాకించి, మళ్ళీ సంచి కట్టి, ఆ పిందెకి ఓ దారం గుర్తు పెట్టాలి. బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి. కాకర, దోస పొద్దున్నే. ఆఫీసు నుంచి వచ్చేవాళ్ళకు బీర, సొర మేలన్నమాట!

ఇక్కడ ఒక్క మాట. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం చేసి, ఆ గింజల్నే అప్పుడే కుండీలో నాటేవాళ్ళున్నారు. తీగ పెరుగుతుంది గాని కాయదు. దాన్ని తిట్టుకుంటూ పీకేస్తారు. పాతకాలపు తీగచిక్కుడు పగలు కురచబడితేనే పూస్తుంది. తొలకరిలో పెట్టి, శీతాకాలం దాకా ఓపిక పట్టాలి. మాఘంలోనే పెట్టి తీరాలంటే పగటి పొడవుతో పనిలేని 'అర్క జయ్' లాంటి పొదచిక్కుడు వేసుకోండి, నాటు తీగని నిందించకండి.

నాయనమ్మ బూడిదకీ శాస్త్రముంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే, ఒక హద్దు దాకా, దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని హారింగ్టన్ సూత్రం. బూడిద తేమని లాగుతుంది, పురుగుని నిలవనివ్వదు. అంతే.

ఢిల్లీలో జాతీయ మొక్కల జన్యువనరుల బ్యూరో ఉందిగదా, అక్కడ విత్తనాలు మైనస్ 18 డిగ్రీల వద్ద భద్రంగా ఉన్నాయిగదా అని మా క్లాసులో ఒకడు వాదించాడు. ఉన్నాయి. ఉండాలి కూడా. కాని గడ్డకట్టిన గింజ కొత్త ఎండని చూడదు, కొత్త తెగులుని చూడదు. ఏటా మట్టిలో పడి మొలిచినదే కాలంతోపాటు మారుతుంది.

ఒక ఇబ్బంది నిజంగానే ఉంది, దాచను. రెండు కుండీల బీర నుంచి ఏళ్ళ తరబడి విత్తనం తీస్తే వంశం సన్నగిల్లుతుంది. ఒక్క ఇంటి వల్ల కాదు. పదిళ్ళవాళ్ళు ఒకే రకం వేసి, తమ తమ గింజల్ని కలిపి మళ్ళీ పంచుకోవాలి. ఈ పని మన కాలేజీలో ఎందుకు చేయకూడదని అడుగుతున్నాను. హాస్టలు వెనక ఖాళీ జాగా పల్లేరుకాయలకు తప్ప ఎవరికీ పనికి రావడం లేదు. వృక్షశాస్త్ర విభాగంలో ఖాళీ సీసాలు బోలెడు. స్టాఫ్ క్వార్టర్లలో మిద్దెలున్నాయి. మనలో సగంమంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. సెలవులకి వెళ్ళినప్పుడు అవ్వల్ని, అమ్మమ్మల్ని అడిగి గుప్పెడు గింజలు తేలేమా? సీసా మీద రకం పేరు, ఊరు, తీసిన నెల రాసిపెడితే చాలు. పూర్వవిద్యార్థులు తమ ఊళ్ళ నుంచి పోస్టులో పంపవచ్చు. విత్తే ముందు ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టే పని మొదటి సంవత్సరం వాళ్ళకు అప్పగించవచ్చు, వాళ్ళ ప్రాక్టికల్స్‌కీ పనికొస్తుంది.

ఖర్చు అంటారా? యూనియన్ వార్షికోత్సవానికి మైకుసెట్టు మీద పెట్టినంత కూడా కాదు. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మాఘం గడిచిపోవచ్చు. తొలకరికి ఇంకా వ్యవధి ఉంది. వేసవి సెలవులకు ఊరెళ్ళేటప్పుడు నాలుగు కాగితం పొట్లాలు వెంట తీసుకువెళ్ళండి. మా ఊరి పొట్టి బీర గింజలు నా దగ్గర పిడికెడున్నాయి. జూన్‌లో కాలేజీ తెరవగానే మొదటి సీసాలో అవి పోస్తాను.